ప్రతిపక్షంలో సుందరయ్య

(పుచ్చలపల్లి సుందరయ్య వర్ధంతి సందర్భంగా నెక్కొండలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మే 19న సుందరయ్య గారి గురించి మాట్లాడమంటే ఎవరైనా ఆయన త్యాగం దగ్గరే మొదలుపెడతారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారని, తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశారని, ప్రజాసేవకు అడ్డం రాకూడదని భార్యాభర్తలిద్దరూ పిల్లలే వద్దనుకున్నారని చెబుతారు. అన్నీ నిజాలే. ఈ కథలు వినే నా తరం పెరిగింది. అయితే ఈ కథల్లో పడి ఆయన చేసిన పని ఏమిటో మనం మరిచిపోతున్నామని నాకు చాలాకాలంగా బాధ. ఆయన చట్టసభల్లో కూర్చున్నన్నాళ్లూ ప్రతిపక్షంలోనే కూర్చున్నారు. ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. ఒక్కరోజైనా మంత్రిగా లేరు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన ఏం చేశారు, దాని నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు అన్నదే ఇవాళ నేను ఎంచుకున్న విషయం.

ఎందుకు ఎంచుకున్నానో కూడా చెబుతాను. మన ఉమ్మడి రాష్ట్రంలో ప్రతిపక్ష నాయకులెవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1989లో ఓడి ప్రతిపక్ష నాయకుడైన ఎన్.టి. రామారావు 1994లో ముఖ్యమంత్రి అయ్యారు. 1999లో ప్రతిపక్ష నాయకుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2003 ఎండాకాలంలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచి, 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు ఎదురుగా ఆ కుర్చీలోకి వచ్చిన చంద్రబాబు నాయుడు 2014లో విభజిత ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనకు ఎదురు కూర్చున్న జగన్‌మోహన్‌రెడ్డి 2019లో అయ్యారు. వరుసగా ఇలా జరిగేసరికి, ప్రతిపక్ష నాయకుడంటే కాబోయే ముఖ్యమంత్రి అన్న లెక్క జనం మనసులో స్థిరపడింది. ఆ కుర్చీకి సొంతంగా ఒక పని ఉందన్న సంగతి మరుగునపడింది. అధికారం దరిదాపుల్లో లేనప్పుడు ఆ పని చేసేవాడే కనపడకుండా పోయాడు. ఆ పని ఏమిటో తెలియాలంటే మనం 1955కు వెళ్లాలి.

ముందుగా మనిషి గురించి నాలుగు మాటలు. సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. భూమీ పుట్రా ఉన్న రెడ్ల కుటుంబం. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులం తెలిపే తోకను ఆయనే తీసేశారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో, పదిహేడేళ్ల వయసులో, గాంధీజీ పిలుపు విని సత్యాగ్రహంలోకి దూకి జైలుకు వెళ్లారు. బయటికి వచ్చాక ఆయన చేసిన పని గమనించండి. సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టారు, వాళ్లకు చవకగా సరుకులు దొరికేలా దుకాణం పెట్టించారు, రాత్రిబడి నడిపారు. సొంత కులంవాళ్లు, సొంత ఇంటివాళ్లు ఎదురు తిరిగినా వెనక్కి తగ్గలేదు. తరవాత అమీర్ హైదర్ ఖాన్ పరిచయం ఆయన్ను కమ్యూనిస్టు పార్టీకి చేర్చింది. దక్షిణాదిన ఆ పార్టీని నిర్మించినవాళ్లలో ఒకరయ్యారు. 1943లో బొంబాయిలో లీలగారిని పెళ్లి చేసుకున్నారు. ఇక తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఎక్కువ భాగం అజ్ఞాతవాసమే.

ఆ పోరాటం గురించి ఈ జిల్లాలో నేను కొత్తగా చెప్పేదేముంది! కడవెండి, పాలకుర్తి, బైరాన్‌పల్లి పేర్లు మీ ఇళ్లల్లో మీ తాతలు, అమ్మమ్మలు చెప్పినవే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన దగ్గర్నుంచి 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించేదాకా ఏం జరిగిందో సుందరయ్య 1972లో పుస్తకంగా రాశారు. తెలుగులో 'వీరతెలంగాణ విప్లవ పోరాటం - గుణపాఠాలు'. ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసింది వీరగాథల కన్నా వివరాలు. ఏ ఊళ్లో ఏ దొర ఎన్ని ఎకరాలు పట్టాడు, వెట్టి ఏయే కులాలతో ఏయే రూపాల్లో చేయించారు, ఏ దళం ఎక్కడ దెబ్బతింది, పార్టీ ఎక్కడ తప్పు చేసింది అన్నీ పూసగుచ్చినట్టు ఉంటాయి. మూడు వేల గ్రామాల్లో ప్రజల పాలన సాగిందని, పది లక్షల ఎకరాలు పంచారని ఆయన లెక్క. ఆ లెక్కలతో వాదించేవాళ్లు వాదించవచ్చు. కానీ ఊరూరా పేరుపేరునా సమాచారం పోగుచేసి, కాగితం మీద పెట్టి, దాని మీదే వాదన నిలబెట్టే అలవాటు ఆయనది. శాసనసభలో ప్రతిపక్ష నాయకుడికి కావలసింది సరిగ్గా ఆ అలవాటే.

ఇప్పుడు మన వైపు కథ. 1952లో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి ఆ నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్, అంటే పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. మన వరంగల్లులో పెండ్యాల రాఘవరావు ఒకేసారి లోక్‌సభకూ, హన్మకొండ, వర్ధన్నపేట అసెంబ్లీ స్థానాలకూ గెలిచారు. మూడుచోట్లా! నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీ వచ్చింది. 175 మంది సభలో కాంగ్రెస్ 93 స్థానాలు గెలిచింది. పీడీఎఫ్‌కు 42 వచ్చాయి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆ సభలో ప్రతిపక్ష నాయకుడు ఎవరో మన పిల్లలను అడగండి, చాలామందికి తెలియదు. ఆయన వి.డి. దేశ్‌పాండే. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఇప్పగూడెం నుంచి ఎన్నికయ్యారు. మాతృభాష మరాఠీ. తెలుగు రైతులు ఒక మరాఠీ మనిషిని గెలిపించి, నిజాం పాలన పోయిన తరవాత తొలిసారి ఏర్పడ్డ సభకు ప్రతిపక్ష నాయకుడిగా పంపారు. జైళ్ల నుంచి, అడవుల నుంచి వచ్చిన సభ్యులు నిన్నటిదాకా తమను వేటాడిన ప్రభుత్వాన్ని నిలదీయడానికి లేచి నిలబడి, 'అధ్యక్షా' అని మొదలుపెట్టడం ఎంత పెద్ద మార్పో ఊహించండి. ఆ మార్పు మన జిల్లాలో మొదలైంది. అది మన వారసత్వం. ఇప్పగూడెంలో దేశ్‌పాండే పేరున ఒక గుర్తు ఉండాలని నా కోరిక. ఈ సభ తరఫున ఆ మాట నలుగురి చెవినా వేయాలని అడుగుతున్నాను.

అదే 1952లో సుందరయ్య మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లారు, అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యారు. సైకిల్ కథ అప్పటిదే. ఇటు 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే సుందరయ్య రాజకీయ జీవితంలో ఇదే పెద్ద మలుపు. 1952లో ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు. కాబట్టి 1955లో అధికారం తమదేనని వాళ్లు గట్టిగా నమ్మారు. ఊరేగింపులు, పాటలు, బుర్రకథలు, ఎర్రజెండాలు. ఆ నమ్మకమే అవతలివాళ్లను ఒక్కటి చేసింది. అంతకుముందు ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్న కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ కలిసి ఐక్య కాంగ్రెస్ కూటమి కట్టాయి. నెహ్రూ స్వయంగా ప్రచారానికి వచ్చారు. బొంబాయి నుంచి కాంగ్రెస్ నాయకుడు ఎస్.కె. పాటిల్ వచ్చి మకాం వేశారు. ఫలితం ఏమైంది? 196 స్థానాల్లో కూటమికి 146. కమ్యూనిస్టులకు 15. వాళ్లకు పోలైన ఓట్లు మాత్రం నూటికి 31! ప్రతి వంద మందిలో ముప్ఫై ఒక్కరు ఓటేసిన పార్టీకి సభలో వందకు ఎనిమిది కుర్చీలు కూడా దక్కలేదు. ముక్కోణపు పోటీల్లో 41 గెలిపించిన పద్ధతే ముఖాముఖి పోటీలో 15కు దించేసింది.

సుందరయ్య గన్నవరం నుంచి గెలిచారు. ఢిల్లీ వదిలి ఆ పదిహేను మందికి నాయకుడిగా వచ్చారు. ముఖ్యమంత్రి కావడానికి సిద్ధపడి ఓడిన పార్టీ. ఎంతోమంది సహచరులు ఓడిపోయారు. ఊళ్లల్లో కార్యకర్తల మీద దాడులు, కేసులు. అలాంటి రోజుల్లో ఎవరైనా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. ఎన్నికలే మోసమని సభకు వెళ్లడం మానేస్తారు, లేదా సభలో అరిచి బయటికి వస్తారు. ఆయన ఈ రెండూ చేయకుండా కూర్చుని బడ్జెట్ పుస్తకాలు చదివారు. ప్రశ్నలు రాశారు. కోత తీర్మానాలు ఇచ్చారు. నదుల లెక్కలు కట్టారు.

1956 నవంబరు 1న తెలంగాణ కలిసింది. 1957లో తెలంగాణలోని 105 స్థానాలకు మాత్రమే ఎన్నికలు జరిగాయి. పీడీఎఫ్ 22 గెలిచింది. ఆంధ్ర పదిహేను మంది, తెలంగాణ ఇరవై రెండు మంది కలిసి 301 మంది సభలో ప్రతిపక్షంగా నిలబడ్డారు. వాళ్లందరికీ నాయకుడు సుందరయ్య. గన్నవరం ఎమ్మెల్యే హైదరాబాదు సభకు రైల్లో రావాలంటే బెజవాడ, ఖమ్మం, డోర్నకల్, మహబూబాబాదు దాటి, ఈ నెక్కొండ స్టేషన్ మీదుగానే వరంగల్లు, కాజీపేట చేరాలి. 1889లో నిజాం రైల్వే బెజవాడ దాకా పోయిన నాటి నుంచి అదే దారి.

ఆ రోజుల్లో సభ ముందున్న అతి పెద్ద విషయం భూమి. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. 1961లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కమతాల గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. పేరు వింటే పేదవాడికి భూమి దొరికినట్టే అనిపిస్తుంది. లోపల చూడండి. నేల రకాన్ని బట్టి 'కుటుంబ కమతం' అని ఒక కొలత పెట్టారు; అది 6 ఎకరాల నుంచి 72 ఎకరాల దాకా. గరిష్ఠ పరిమితి దానికి నాలుగున్నర రెట్లు. లెక్క వేయండి. మంచి మాగాణి అయితే 27 ఎకరాలు, నాసి మెట్ట అయితే 324 ఎకరాలు! మూడు వందల ఇరవై నాలుగు ఎకరాలు ఉంచుకున్నా చట్టానికి లోబడినవాడే. మెట్ట నేలలే ఎక్కువున్న తెలంగాణలో ఈ చట్టం ఎవరిని తాకుతుంది? చట్టం వస్తున్నదని ఏళ్ల ముందే తెలిసినవాడు భూమిని కొడుకుల పేర, కోడళ్ల పేర, బంధువుల పేర, చివరికి పాలేర్ల పేర రాసుకోలేడా? కమ్యూనిస్టు పక్షం ఈ చట్టాన్ని విమర్శించింది ఇందుకే. మీరు పెట్టిన కొలత ప్రకారం మిగులు భూమి ఎంత తేలుతుందో చెప్పండి అన్నదే ప్రశ్న. ఆచరణలో తేలిన మిగులు నామమాత్రం.

ఆ తరవాత జరిగింది మనకు ఇంకా దగ్గరి కథ. ఇక్కడికి దగ్గర్లోని లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలో రూపుదిద్దుకున్న 1973 చట్టంలో పరిమితి ఐదుగురు సభ్యుల కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంటే మెట్టకు 324 ఉన్నది 54కు దిగింది. అమలులో ఎన్ని చిల్లులు పడ్డాయో మనకందరికీ తెలుసు. అయినా పన్నెండేళ్లలో కొలత అంత మారడం చిన్న విషయం కాదు. పి.వి.గారి చొరవకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. అదే నోటితో ఇంకో మాట కూడా అనాలి. 1961లో ప్రతిపక్షం అడిగిన ప్రశ్నలకు 1973లో పాలకపక్షం జవాబు చెప్పింది. ప్రశ్న అడిగినవాళ్లలో ఒక్కరూ మంత్రి కాలేదు. ప్రతిపక్షానికి ఫలితం దక్కడమంటే ఇదేనని నా అభిప్రాయం. ప్రత్యర్థి చేతుల మీదుగా, ఆలస్యంగా, సగం సగంగా వస్తుంది. వచ్చినప్పుడు పేరు వేరొకరికి పోతుంది. దానికి ఓర్చుకోలేనివాడు ఆ కుర్చీకి పనికిరాడు.

నీళ్ల విషయంలోనూ అంతే. కృష్ణా, గోదావరి, పెన్నా నీళ్లను ఎలా వాడుకోవాలి, ఏ ప్రాంతానికి ఎంత పారించవచ్చు అని సుందరయ్య సొంతంగా ప్రణాళికలు తయారుచేశారు. ఇంజనీరు కాదు, డిగ్రీ కూడా పూర్తిచేయలేదు. అయినా ప్రభుత్వ ప్రాజెక్టును విమర్శించాలంటే ముందు మన దగ్గర ఇంకో ప్రాజెక్టు ఉండాలన్నది ఆయన పద్ధతి. ఈ పద్ధతి ఇవాళ ఏ పార్టీలో ఉంది? ప్రాజెక్టు కట్టినవాడు గొప్పంటాడు, ఎదుటివాడు దోపిడీ అంటాడు. పాకాల చెరువు కింద ఎనిమిది వందల ఏళ్లుగా సాగుచేసుకుంటున్న ఈ ప్రాంతపు రైతుకు వాళ్లిద్దరి మాటల్లో ఏ పొలానికి ఎన్ని తడులు అందుతాయో మాత్రం తెలియదు.

ఇక మనం తప్పించుకోకూడని విషయం ఒకటుంది. సుందరయ్య విశాలాంధ్ర వాది. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం కావాలని 1940ల నుంచీ రాశారు, ప్రచారం చేశారు. తెలంగాణ పీడీఎఫ్ నాయకులు కూడా చాలామంది అదే మాట మీద నిలబడ్డారు. హైదరాబాద్ అసెంబ్లీలో 1955 చివర చర్చ జరిగినప్పుడు అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్ర వైపు, 29 మంది తెలంగాణ వైపు మాట్లాడారు. అయితే సభలో మాట ఒకటి, ఊళ్లో మాట ఒకటి. 1952లోనే, ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ముల్కీ ఉద్యమం మన వరంగల్లులో మొదలై హైదరాబాదుకు పాకింది; సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆనాటి ప్రతిపక్షం లోతుగా చూడలేదు. విలీనానికి ముందు ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేసినవాళ్లంతా అధికార పక్షాల నాయకులే. ఆ ఒప్పందం ఒక్కొక్కటిగా భంగమవుతున్నప్పుడు, తెలంగాణ ఉద్యోగాల లెక్క, మిగులు నిధుల లెక్క అణాపైసలతో అడగాల్సింది ఎవరు? లెక్కల్లో అంత నిక్కచ్చి అయిన మనిషి ఆ లెక్కను ఇంకా గట్టిగా అడిగి ఉండాల్సింది. భూమి దగ్గర అంత స్పష్టంగా చూసిన కన్ను ప్రాంతం దగ్గర భాషనే చూసింది. 1969లో ఈ జిల్లా యువకులు రోడ్ల మీదికి వచ్చినప్పుడు కూడా ఆయన పార్టీ ప్రత్యేక రాష్ట్రాన్ని వ్యతిరేకించింది. 2014 జూన్ 2న మనం సాధించుకున్న రాష్ట్రంలో నిలబడి ఆయన్ను స్మరించుకుంటున్నాం కాబట్టి ఈ మాట చెప్పకపోతే స్మరణ అసంపూర్ణమవుతుంది. ఆయన మీద నా గౌరవం దీనితో తగ్గలేదు. తన పోరాట పుస్తకంలో సొంత పార్టీ తప్పులను తానే రాసిన మనిషి, ఈ విమర్శను కూడా ఓపికగా వినేవారనే నా నమ్మకం.

ఆయనతో పాటు ఎదిగిన తరిమెల నాగిరెడ్డి గారి గురించి ఇక్కడే చెప్పాలి. అనంతపురంలో తన బావ నీలం సంజీవరెడ్డిని 1952 ఎన్నికల్లో ఓడించి, మద్రాసు శాసనసభలో ప్రతిపక్ష నాయకుడైనవారు. గొప్ప వక్త. 1969లో శాసనసభ ప్రజలకు ఏమీ చేయలేదని తేల్చి రాజీనామా చేసి బయటికి వెళ్లిపోయారు. ఆయన నిజాయతీని శంకించేవాడు లేడు. సుందరయ్య మాత్రం సభ మీద ఆశ వదలలేదు. 1964లో పార్టీ చీలి, సీపీఎం ప్రధాన కార్యదర్శి అయి, నిర్బంధంలో గడిపి, 1967లో సభకు దూరమై, మళ్లీ 1978లో గన్నవరం నుంచే వచ్చారు. అప్పటికి ఎమర్జెన్సీ కాలంలో జనసంఘ్‌తో చేతులు కలపడాన్ని వ్యతిరేకించి అఖిల భారత ప్రధాన కార్యదర్శి పదవికే రాజీనామా ఇచ్చి ఉన్నారు. దేశంలో అంత పెద్ద బాధ్యత మోసిన మనిషి, చిన్న పక్షంలో మామూలు సభ్యుడిగా, ప్రతిపక్ష నాయకుడి హోదా కూడా లేకుండా, మళ్లీ ప్రశ్నలు రాసుకుంటూ కూర్చున్నారు. ఈ ఇద్దరిలో ఎవరు సరైనవారన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. నేను సుందరయ్య వైపు. సభ ఎంత చెడినా ప్రభుత్వం లెక్క చెప్పాల్సిన చోటు ఇంకొకటి లేదు. మన మనిషి అక్కడ లేకపోతే ఆ లెక్క ఎవరికీ చెప్పనక్కర లేకుండా పోతుంది.

1978 నుంచి 1983 దాకా ఆ సభలో సుందరయ్య పార్టీలోనే ఇంకొకాయన ఉన్నారు. మీకు ఆయన పేరు చెప్పగానే తెలుస్తుంది: మద్దికాయల ఓంకార్. ఇప్పుడు మన మండలం ఉన్న నర్సంపేట నియోజకవర్గం నుంచి 1972 మొదలు 1989 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచారు. సాయుధ పోరాటంలో పనిచేసిన తరం ఆయనది. ఐదుసార్లూ ప్రతిపక్షమే. పార్టీ నుంచి బయటికి వచ్చాక 1989లో కూడా నర్సంపేట ఆయన్నే ఎన్నుకుంది. 2008 అక్టోబరులో చనిపోయేదాకా ప్రభుత్వం వైపు బెంచీ ఎరగరు. మంత్రి పదవి రాదని తెలిసీ ఒక నియోజకవర్గం ఇరవై రెండేళ్లు ఒక మనిషిని సభకు పంపిందంటే ఆ ఓటర్లకు ప్రతిపక్షం విలువ తెలుసు. 'మన ఎమ్మెల్యే అధికార పార్టీలో ఉంటేనే పనులవుతాయి' అన్న మాట ఇవాళ ఊరూరా వినపడుతోంది. ఈ మాట పుట్టింది మన తాతల కాలంలో కాదని మాత్రం గుర్తుంచుకోండి.

ఈ మాట వల్ల ఏం జరుగుతుందో మనం చూశాం. 2018 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్ 19 స్థానాలు గెలిచింది. మధిర ఎమ్మెల్యే మల్లు భట్టి విక్రమార్క ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆరు నెలలు తిరక్కుండానే, 2019 జూన్‌లో, ఆ పార్టీ ఎమ్మెల్యేలు 12 మంది అధికార పక్షంలో విలీనమయ్యారు. ఉన్న ప్రతిపక్ష హోదా పోయింది. ఓటర్లు అటు వేసిన ఓటు ఇటు తేలింది. భట్టి విక్రమార్క ఆ తరవాత ఆదిలాబాదు వైపు నుంచి ఖమ్మం దాకా నడిచి, 2023 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. అది వేరే కథ. 2023 తరవాత గాలి దిశ మారగానే ఈసారి అవతలి పార్టీ నుంచి ఇటు వచ్చినవాళ్లనూ చూశాం. పార్టీలు మారాయి; జబ్బు మారలేదు. పక్క రాష్ట్రంలో 2024లో 175 స్థానాలకు 11 గెలిచిన పార్టీ, పదో వంతు సభ్యులు లేరు కాబట్టి ప్రతిపక్ష నాయకుడి హోదా ఇవ్వాలా వద్దా అన్న వివాదంలో పడింది. హోదా లేకపోతే సభకు రామనే దాకా మాట వెళ్లింది.

పదిహేను మందితో సుందరయ్య 196 మంది సభలో కూర్చున్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నేటి కొలతతో చూస్తే వాళ్లకూ పదో వంతు లేదు. ప్రతిపక్ష నాయకుడికి జీతం ఇవ్వడం కెనడా 1905లో, బ్రిటన్ 1937లో మొదలుపెట్టాయి. మన పార్లమెంటు 1977లో చట్టం చేసింది. హోదా, కారు, గది, సిబ్బంది ఉంటే మంచిదే. ప్రజలు ఇచ్చిన పనిని చేయడానికి అవి పనిముట్లు. పనిముట్లు లేవని పని మానేసేవాడిని మన రైతులు ఏమంటారో నేను చెప్పనక్కర లేదు.

విద్యార్థులకు ఒక మాట. సుందరయ్య 1985 మే 19న కన్నుమూశారు. ఆయన ఆత్మకథ 'విప్లవ పథంలో నా పయనం' ఉంది, తెలంగాణ పోరాటం మీద పుస్తకం ఉంది. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట విజ్ఞాన కేంద్రం, దానిలో పెద్ద గ్రంథాలయం ఉన్నాయి. ఏ పార్టీ అభిమానులైనా సరే, ఒక్కసారి వెళ్లి చూడండి. ఆయనతో విభేదించడానికైనా ముందు చదవాలి.

పెద్దలకు ఒక విన్నపం. శాసనసభలో ఎమ్మెల్యే అడిగే ప్రశ్నను అనుమతించాక మంత్రి దానికి జవాబు చెప్పి తీరాలి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు సభలో నోటితో, గుర్తు లేనిదానికి రాతలో. ఆ ప్రశ్న హైదరాబాదులో ఎవరో తయారుచేయాలని ఎక్కడా లేదు. ఈ మండలంలో పత్తికి, మిర్చికి, మక్కలకు మద్దతు ధర ఎన్ని రోజులు దక్కింది, ఎన్ని రోజులు దక్కలేదు? ఏ ఊరి చెరువుకు పూడిక తీశారు, దానికి ఎంత ఖర్చయింది? బడిలో ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్నాయి? ఈ వివరాలు మీకు తెలిసినట్టు ఏ అధికారికీ తెలియవు. వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు మీ ఊరి నుంచి ఒక్క ప్రశ్న, తేదీలతో, అంకెలతో, కాగితం మీద రాసి ఒక ఎమ్మెల్యేకు పంపండి. ఆయన అధికార పక్షమా, ప్రతిపక్షమా అని చూడకండి. అడగకపోతే ఎందుకు అడగలేదని మళ్లీ రాయండి.